ముసురులో, ఒంటరిగా, కోనిస్టన్ రాగి గనుల మీదుగా కొండెక్కడం ఎలా

ఇంగ్లండులో ఉండే తెలుగువాళ్ళు కొండలూ సరస్సులూ నిండిన లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తే ఎక్కువగా విండర్‌మియర్ సరస్సులో పడవెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. వాన మొదలైతే అదీ మానేసి గదిలో కూర్చుంటారు. కానీ అక్కడ వాన లేని రోజు కోసం ఎదురుచూస్తే సెలవు కాస్తా అయిపోతుంది. బారోడేల్ లోయలో సీత్‌వైట్ అనే పల్లె ఉంది. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన హైదరాబాద్‌లో పడేది సుమారు 800. కాబట్టి వానను తప్పించుకునే ఉపాయం వెతకడం కన్నా వానలో నడవడం నేర్చుకోవడమే మేలు.

అందులోనూ పాత గనులు చూడాలనుకుంటే వాన రోజే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. ఎండ రోజున గని నోరు ఒక చీకటి రంధ్రం, అంతే. ముసురు పట్టిన రోజున ప్రతి సొరంగం నోటి నుంచీ నీళ్ళు వస్తుంటాయి. కొండవాలు మీద ఎప్పుడో తవ్విన కాలువలు ఎటు నుంచి ఎటు పారేవో కనిపిస్తుంది. తడిసిన రాళ్ళలో రాగి పచ్చదనం తేలుతుంది. ఈ గనులు నడిచిందే నీటి బలం మీద. నీరు పారుతున్నప్పుడు చూస్తేనే నీటి చక్రాలను అక్కడ ఎందుకు పెట్టారో, చెరువుకు కట్ట ఎందుకు కట్టారో అర్థమవుతుంది. అయితే అదే నీరు నేలను వదులు చేస్తుంది, వాగులను పొంగిస్తుంది, రాయిని జారుడు చేస్తుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఈ రెండో సంగతిని క్షణం కూడా మరవకూడదు.

ఇది ఎవరి కోసమో ముందే చెప్పేస్తాను. ఇంతకు ముందు ఎవరితోనైనా కలిసి ఇలాంటి కొండలెక్కి, మ్యాపు చూసి నడవడం వచ్చినవాళ్ళ కోసం. మీకు ఇదే మొదటిసారి అయితే ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒంటరి నడక తర్వాతైనా చేయవచ్చు.

ఏ దారి

లేక్ డిస్ట్రిక్ట్ ఉన్న కంబ్రియా కౌంటీలో కోనిస్టన్ అనే ఊరు, దాని వెనక ఓల్డ్ మ్యాన్ ఆఫ్ కోనిస్టన్ అనే కొండ ఉన్నాయి. కొండ ఎత్తు సుమారు 803 మీటర్లు. ఊరికీ కొండకూ మధ్య కాపర్‌మైన్స్ వ్యాలీ, అంటే రాగి గనుల లోయ. అక్కడివాళ్ళు కొండను ఫెల్ అనీ, వాగును బెక్ అనీ, కొండ మీది కొలనును టార్న్ అనీ అంటారు. మ్యాపులోనూ ఇవే ఉంటాయి కాబట్టి ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే చాలు.

రైల్లో వచ్చేవాళ్ళు ఆక్సెన్‌హోమ్‌లో మారి విండర్‌మియర్‌లో దిగి, 505 నంబరు బస్సెక్కితే యాంబుల్‌సైడ్, హాక్స్‌హెడ్ మీదుగా కోనిస్టన్ చేరతారు. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎన్నింటికో ఎక్కే ముందే చూసుకోండి. బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌తో తడి రాళ్ళ మీద హడావిడిగా దిగితే కాలు విరగడానికి అంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

వాన రోజుకు నేను చెప్పే దారి మూడు మెట్లు. ఊరి నుంచి మైనర్స్ బ్రిడ్జ్ మీదుగా గనుల లోయ ఒక మెట్టు. అక్కడి నుంచి స్లేటు క్వారీల మీదుగా లో వాటర్ అనే కొలను రెండో మెట్టు. శిఖరం మూడోది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ముందుకా వెనక్కా అని నిర్ణయించుకోవాలి. మొదటి మెట్టుతోనే తిరిగి వచ్చినా గనుల విషయంలో మీరు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు. చూడాల్సినవి చాలావరకు ఆ లోయలోనే ఉన్నాయి.

ముందు రోజు రాత్రి

ఫోన్‌లో మామూలుగా ఉండే వాతావరణ యాప్ ఊరి సంగతే చెబుతుంది, కొండ సంగతి చెప్పదు. మెట్ ఆఫీస్, అంటే బ్రిటన్ వాతావరణ శాఖవాళ్ళు లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు విడిగా సూచన ఇస్తారు. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అని ఇంకొకటి ఉంది. రెండూ చదవండి. వాన పడుతుందా లేదా అన్నది అన్నిటికన్నా చిన్న విషయం. మొదట చూడాల్సింది పైన గాలి ఎంత అని. గంటకు 40 మైళ్ళు దాటే గాలిలో శిఖరం దగ్గర నిటారుగా నిలబడటమే కష్టం, అలాంటి రోజున లోయతో ఆగిపోండి. తర్వాత మబ్బు ఎంత ఎత్తులో ఉంటుందో చూడండి. మబ్బు అడుగు 500 మీటర్ల దగ్గర ఉంటుందని రాస్తే, సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న లో వాటర్ కొలను మీకు కనిపించకపోవచ్చు. శిఖరం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక చలి. సుమారు ప్రతి 150 మీటర్ల ఎత్తుకూ ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క వేసుకోండి. ఊళ్ళో 9 డిగ్రీలుంటే పైన 4 ఉంటుంది, దానికి గాలి తోడైతే సున్నాలో ఉన్నట్టే అనిపిస్తుంది.

గత రెండు మూడు రోజుల్లో ఎంత వాన పడిందో కూడా చూడండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. కొండ అప్పటికే నీళ్ళు తాగి ఉంటే, కొత్తగా పడిన జడివాన ఇంకడానికి చోటు లేక నేరుగా వాగులోకి వస్తుంది. పొద్దున మోకాలి లోతు లేని వాగు మధ్యాహ్నానికి మనిషిని తోసేస్తుంది.

సమయం లెక్క కాగితం మీద వేయండి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్కనే ఇప్పటికీ అందరూ వాడతారు. 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఊరి నుంచి క్వారీ దారిలో శిఖరం దాకా పోయి రావడం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది, ఎక్కేది 740 మీటర్లు. లెక్క ప్రకారం మూడు గంటలు. ఇది ఎండలో, ఆగకుండా, గట్టి కాళ్ళున్న మనిషికి. తడి రాళ్ళ మీద జాగ్రత్తగా నడుస్తూ, గనుల దగ్గర ఆగుతూ పోవాలంటే ఐదు గంటలు పెట్టుకోండి. లోయలో తీరిగ్గా తిరగాలనుకుంటే ఇంకో గంట కలపండి. డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది.

మ్యాపు ఆర్డ్నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 6. కాగితం మ్యాపే కొనండి, నీళ్ళు చొరని కవర్లో పెట్టి మెడలో వేసుకోండి. ఫోన్‌లో మ్యాపు ఉండవచ్చు. కానీ వానలో తడి చేతికి తెర స్పందించదు, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. మ్యాపులో షాఫ్ట్, లెవెల్, మైన్ అన్న మాటల పక్కన డిస్ (dis) అనే పొట్టి అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాత్రే వెతికి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. అవి వదిలేసిన గనులని అర్థం. షాఫ్ట్ అంటే నిలువు బావి. లెవెల్ అంటే కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగం. ప్రతి గుంతా మ్యాపులోకి ఎక్కి ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

ఎవరికి చెప్పాలి

మన పిల్లలు చాలామంది ఎక్కడికి వెళ్తున్నా విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మకు వాట్సాప్ చేస్తారు. మంచిదే. కానీ కొండ మీద మీరు చిక్కుకుంటే ఆ అమ్మ ఏం చేయగలదు? ఇండియా నుంచి 999 కొడితే ఇంగ్లండు పోలీసులకు పోదు. పైగా చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరయ్యేసరికి మనకు రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ నిద్రపోయి ఉంటారు, లేదా రాత్రంతా ఏడుస్తూ కూర్చుంటారు. అందుకని ఇంగ్లండులోనే ఉన్న ఒక మనిషిని ఎంచుకోండి. రూమ్మేటో, తోటి ఉద్యోగో, దూరపు అన్నయ్యో, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోని మనిషి కావాలి.

వాళ్ళకు ఇవి రాసి పంపండి: ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఏ దారిన వెళ్తున్నారు, ఎక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చు, జాకెట్ రంగేమిటి, కారైతే దాని నంబరు, దిగి ఫోన్ చేసే సమయం. దాంతో పాటు ఇంకో సమయం: "ఏడింటి దాకా నా నుంచి ఫోన్ రాకపోతే 999 చేసి, పోలీస్ అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు." ఈ వాక్యం రాయకపోతే స్నేహితులు మొహమాటపడి రాత్రి పది దాకా చూస్తారు. దిగాక పబ్‌లో కూర్చున్నాడేమోలే అనుకుంటారు. అలా అనుకునే అవకాశం వాళ్ళకు ఇవ్వకండి.

దారి మార్చుకుంటే మెసేజ్ పెట్టండి. సిగ్నల్ లేకపోతే దారి మార్చకండి.

మీ ఫోన్ నుంచి ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అనే మాటను 999కి ఎస్సెమ్మెస్ చేసి, వచ్చిన సూచన ప్రకారం జవాబిస్తే అత్యవసర మెసేజ్ సేవలో మీ నంబరు నమోదవుతుంది. మాట్లాడటానికి చాలని సిగ్నల్‌లో కూడా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. ఇది ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని.

ఒంటి మీద, సంచిలో

జీన్స్ వద్దు. నూలు బనియన్ కూడా వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్నిదో సింథటిక్‌దో లోపలి చొక్కా, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు చొరని జాకెట్, అలాంటిదే ప్యాంటు. చాలామంది జాకెట్ మీద వంద పౌండ్లు పెట్టి ప్యాంటు కొనరు. గాలివానలో ముందు తడిసేవి తొడలే. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి, మొదటి జత ఎలాగూ తడుస్తుంది. గొడుగు ఊళ్ళోనే వదిలేయండి.

బూట్లు చీలమండను పట్టి ఉంచేవి, అడుగున లోతైన గాడులున్నవి కావాలి. అరిగిపోయిన ట్రైనర్లతో ఈ దారి వద్దే వద్దు.

సంచిలో ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, అన్నీ అందులో పెట్టండి. అదనపు స్వెటర్, తలలైటు, దానికి వేరే బ్యాటరీలు, ఈల, దిక్సూచి, కట్టు కట్టే సామాను, మనిషి దూరి కూర్చునేంత పెద్ద బైవీ సంచి. ఈ చివరిది ఒంటరి మనిషికి ప్రాణం లాంటిది. కాలు మడతపడి కదల్లేకపోతే, సాయం వచ్చేదాకా రెండు మూడు గంటలు వానలో కూర్చోవాలి. ఆ కాసేపట్లో చలే గాయం కన్నా పెద్ద ప్రమాదం.

తిండి సంగతి. డబ్బాలో పులిహోర పెట్టుకుపోవాలని అందరికీ ఉంటుంది. దిగాక తినడానికి బాగుంటుంది. కొండ మీద వానలో తొడుగులు తీసి, వేళ్ళు కొంకర్లు పోతుంటే అన్నం కలుపుకోవడం కుదరదు. నువ్వుండలు, ఖర్జూరాలు, చపాతీలో చుట్టిన బెల్లం, పల్లీపొడి లాంటివి జాకెట్ జేబులో వేసుకుని నడుస్తూనే తినండి. ఫ్లాస్కు నిండా తీపి ఎక్కువ వేసిన అల్లం టీ. మంచినీళ్ళు ఊళ్ళోనే నింపుకోండి. గనుల కింద నుంచి వచ్చే వాగు ఎంత తేటగా కనిపించినా తాగవద్దు, ఆ నీటిలో లోహాలు కరిగి ఉంటాయి.

ఊరి నుంచి గనుల లోయకు

ఊరి మధ్య చర్చి ఆవరణలో జాన్ రస్కిన్ సమాధి ఉంది. దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో గాంధీజీ మనసు మార్చిన రచయిత ఆయనే. ఊరి పక్కనున్న కోనిస్టన్ వాటర్ సరస్సుకు అవతలి ఒడ్డున ఆయన చాలా ఏళ్ళు ఉన్నారు. సమాధి మీద ఆకుపచ్చ స్లేటు రాతితో చెక్కిన పొడవాటి శిలువ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి. పైన క్వారీల్లో మీరు చూడబోయేది ఇలాంటి పచ్చరాయే. సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అలా అయింది.

సన్ హోటల్ పక్క నుంచి పైకి వెళ్ళే సందు పట్టుకుని, చర్చ్ బెక్ వాగును కుడిచేతి వైపు ఉంచుకుని ఎక్కండి. వానాకాలంలో ఈ వాగు హోరు దూరానికే వినిపిస్తుంది. కొంతసేపటికి మైనర్స్ బ్రిడ్జ్ అనే చిన్న రాతి వంతెన వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వాగును చూడండి. నీరు గోధుమ రంగులోకి తిరిగి, లోపల రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వస్తుంటే, పైన ఏ వాగునూ కాళ్ళతో దాటే ఆలోచన ఈ రోజుకు మానేయండి. పైకి వెళ్ళాక ఎలా ఉంటుందో ఈ వంతెనే చెబుతుంది.

వంతెన దాటి కాస్త ఎక్కితే రాళ్ళ బాట. దాన్ని పట్టుకుని పోతే లోయ తెరుచుకుంటుంది. ఎదురుగా తెల్లటి ఇల్లు కనిపిస్తుంది. ఒకప్పుడు గని మేనేజర్ ఇల్లు, ఇప్పుడు యూత్ హాస్టల్. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు గుట్టలన్నీ సహజమైన కొండలు కావు, గనుల్లోంచి తీసి పారబోసిన రాళ్ళు.

1568లో ఎలిజబెత్ రాణి అనుమతితో మైన్స్ రాయల్ అనే కంపెనీ ఏర్పడింది. దాన్ని పెట్టినవాళ్ళు అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే జర్మన్ మాట్లాడే గని పనివాళ్ళను ఉత్తరాన కెస్విక్‌కు రప్పిస్తున్నారు. ఆ శతాబ్దం చివరికి వాళ్ళు కోనిస్టన్‌లోనూ తవ్వడం మొదలుపెట్టారు. తుపాకిమందు లేదు. సుత్తీ ఉలీతో, రాయి పగలడానికి నిప్పు రాజేస్తూ తవ్వారు. తీసిన ఖనిజాన్ని గుర్రాల మీద కెస్విక్‌కు మోయించి అక్కడ కరిగించేవారు. తర్వాత 19వ శతాబ్దంలో జాన్ టేలర్ అనే ఇంజనీరు చేతికి వచ్చాక గని ఎంతో పెరిగింది. వందల మంది పనిచేశారు. బయట ఖనిజం కొట్టి ఏరే చోట పిల్లలు కూడా నిలబడి పనిచేశారు, ఇదే వానలో. 1859లో రాగినీ స్లేటునూ మోయడానికి ఊరికి రైలు వచ్చింది. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకే విదేశాల నుంచి చవక రాగి రావడంతో గని కుంగిపోయింది. రైలు కూడా ఇప్పుడు లేదు. సింగరేణి ఊళ్ళలో పెరిగినవాళ్ళకు నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు. గని మూతపడితే ఊరు ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

హాస్టల్ దగ్గర నిలబడి ఇలా చూడండి. కొండవాలు మీద దాదాపు సమతలంగా సాగే గీత కనిపిస్తే అది నీటి కాలువ. ఎత్తు నుంచి నీటిని చక్రాల దాకా తెచ్చేది. రాతితో కట్టిన సన్నని లోతైన గుంటలు ఆ చక్రాలు తిరిగిన చోట్లు. రెడ్ డెల్ అనే పక్క లోయ వైపు చూస్తే ఇవి బాగా తెలుస్తాయి. గోడలు మాత్రమే మిగిలిన మిల్లు దగ్గర ఖనిజాన్ని దంచి, కడిగి వేరుచేసేవారు. మొక్క మొలవని రాళ్ళ కుప్పల్లో ఇంకా లోహం మిగిలి ఉంది, అందుకే గడ్డి పట్టదు. ఇదంతా చట్టం రక్షణలో ఉన్న చారిత్రక ప్రదేశం. పచ్చగా మెరిసే రాయి కనిపించినా అక్కడే వదిలేయండి.

గని నోటి దగ్గర

లోపలికి వెళ్ళవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క అడుగు కూడా. ఎందుకో పూర్తిగా చెబుతాను, ఎందుకంటే "ప్రమాదం" అన్న బోర్డు చూసి ఆగేవాళ్ళకన్నా కారణం తెలిసి ఆగేవాళ్ళు ఎక్కువ.

సొరంగం నోటి దగ్గర నేల గట్టిగా, చదునుగా కనిపిస్తుంది. నీళ్ళు బయటికి జారిపోవడానికి లోపలి వైపు కొంచెం ఎత్తుగా తవ్వుతారు కాబట్టి నడక సులువే. ఆ సులువే మోసం. లోపల ఖనిజం ఉన్న చోట పైకీ కిందికీ తవ్వేశారు. అంటే మీరు నిలబడ్డ నేల కింద పది అంతస్తుల ఖాళీ ఉండవచ్చు. ఆ ఖాళీ మీద చెక్కలు పరిచి, చెక్కల మీద పనికిరాని రాళ్ళు పోసి, దాని మీదే నడిచారు. నూటయాభై ఏళ్ళ కింద వేసిన చెక్క తడిలో కుళ్ళిపోయింది. పైన ఉన్న రాళ్ళను చూస్తే మామూలు నేలే. తల మీద కూడా అలాగే, చెక్కల మీద పేర్చిన టన్నుల రాళ్ళు. ఇక నీటితో నిండిన బావి, మడుగులాగే కనిపిస్తుంది. అడుగు వేస్తేనే లోతు తెలుస్తుంది.

గాలి ఇంకో సమస్య. ఖనిజం తుప్పు పడుతూ, చెక్క కుళ్ళుతూ గాలిలో ఆక్సిజన్‌ను తినేస్తాయి. వాసన రాదు, దగ్గు రాదు. తల తిరిగినట్టనిపించేలోపే మనిషి పడిపోతాడు. తుపాను వాతావరణంలో బయట గాలి ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు లోపలి చెడ్డ గాలి నోటి వైపుకు వస్తుంది. అంటే వాన రోజున నోటి దగ్గర కూడా ఎక్కువసేపు తలపెట్టి నిలబడకూడదు. లోపల ఎక్కడో కప్పు కూలి, వెనక నీరు నిలిచి ఉంటే అది ఒక్కసారిగా తన్నుకు రావచ్చు కూడా. మామూలుగా నీరు వచ్చే సొరంగంలో ముసురు రోజున నీరు తగ్గిపోయిందంటే ఎదురుగా నిలబడకండి.

బయట ఏం చేయాలి? బాట వదలకండి. కంచె కనిపిస్తే దాని మీద వాలకండి, ఫొటో కోసం చేయి చాపకండి. బావి అంచులు గరాటులా లోపలికి జారుతుంటాయి, వాన పడినప్పుడు కంచె స్తంభం కింద మట్టే కరిగిపోతుంది. గడ్డిలో కొత్తగా కుంగిన గుండ్రని పల్లం కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్ళండి. రాళ్ళ కుప్పల మీదికి ఎక్కవద్దు, తడిసిన కుప్ప మొత్తంగా జారుతుంది. లెవర్స్ వాటర్ కొలను పక్కన సైమన్స్ నిక్ అనే చీలిక ఉంది. రాగి సిరను పై నుంచి తవ్వగా కొండకే పడ్డ కోత అది. దూరం నుంచే కళ్ళకు కడుతుంది, దాని చుట్టూ తెరుచుకున్న గోతులున్నాయి. మబ్బు దిగిన రోజున ఆ వైపు బాట తప్పి తిరగడం నేను ఎవరికీ చెప్పను. ఆ కొలను దగ్గర వాగు దాటాల్సి రావడం కూడా వానలో ఇబ్బందే. నేను ఈ రోజుకు లో వాటర్ దారి చెప్పడానికి అదే కారణం.

ఇంకెవరైనా లోపల పడ్డారని తెలిస్తే మీరు దిగకండి. 999 చేసి, గని అని స్పష్టంగా చెప్పండి. పాత గనుల్లోంచి మనుషుల్ని తీయడానికి కంబ్రియాలో ప్రత్యేకమైన దళమే ఉంది.

క్వారీల మీదుగా లో వాటర్‌కు

మైనర్స్ బ్రిడ్జ్ దగ్గరికి తిరిగి వచ్చి, వాగుకు దక్షిణపు ఒడ్డున పైకెక్కే బాట పట్టండి. అది వాల్నా స్కార్ వైపు నుంచి వచ్చే పాత క్వారీ దారిలో కలుస్తుంది. ఇక్కడ నుంచి దారి తెలియకపోవడం అంటూ ఉండదు. కాలు నిలవడమే కష్టం. తడి స్లేటు సబ్బు రాసిన గచ్చులా ఉంటుంది. అడుగు చిన్నగా వేయండి, పాదం మొత్తం ఒకేసారి ఆన్చండి, పలక వాలుగా ఉంటే దాని మీద కాకుండా రెండు రాళ్ళ సందులో కాలు పెట్టండి. చేతికర్రలుంటే దిగేటప్పుడు పనికొస్తాయి.

శాడిల్‌స్టోన్స్ క్వారీ దగ్గర తుప్పుపట్టిన లావుపాటి ఉక్కు తీగలు, రాళ్ళను కిందికి పంపిన రోప్‌వే మిగుళ్ళు, కప్పు లేని గదులు దారికి అడ్డంగానే ఉంటాయి. తీగల్లో కాలు తట్టుకోకుండా చూసుకోండి. ఆ గోడల చాటున గాలి తక్కువ, టీ తాగడానికి ఇదే చోటు. దిక్సూచి మాత్రం ఈ ఇనుము పక్కన చూడకండి, సూది తప్పు చూపిస్తుంది. ఫోన్‌కు కూడా దూరంగా పట్టుకోండి.

ఇంకాస్త ఎక్కితే లో వాటర్. చుట్టూ గోడలా కొండ, మధ్యలో నీలీ పచ్చా కలిసిన నీరు. మబ్బు వస్తూ పోతూ ఉంటే ఆ రంగు నిమిష నిమిషానికీ మారుతుంది. తీరిగ్గా చూడండి.

పైకి వెళ్ళాలా

కొలను దగ్గర కూర్చుని కాదు, ఇంట్లోనే దీనికి జవాబు రాసుకోండి. పైకి వచ్చాక మనసు ఎప్పుడూ "ఇంత దూరం వచ్చాం కదా" అంటుంది. నేను పాటించే లెక్క ఇది. అనుకున్న సమయానికి కొలను చేరకపోతే వెనక్కి. లోపలి చొక్కా తడిస్తే వెనక్కి. గాలికి అడుగు పక్కకు పడితే వెనక్కి. జిప్పు వేసుకోవడానికి వేళ్ళు సహకరించకపోతే, మాట ముద్దగా వస్తే, ఊరికే తడబడుతుంటే, కారణం లేకుండా చిరాకు వస్తుంటే అది చలి ఒంట్లోకి దిగుతున్న గుర్తు. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఈ గుర్తులను మీరే పట్టుకోవాలి. అందుకే అరగంటకోసారి బొటనవేలును చిటికెన వేలికి ఆనించి చూసుకోండి, మీ చిరునామా పైకి చెప్పుకోండి. ఏది కుదరకపోయినా కిందికి దిగండి.

ఇవేవీ లేకపోతే వెళ్ళండి. కొలను పై నుంచి బాట మెలికలు తిరుగుతూ నిటారుగా ఎక్కుతుంది. పైకి చేరగానే వెంటనే వెనక్కి తిరిగి, మీరు వచ్చిన బాట ఎటు ఉందో దిక్సూచితో కొలిచి కాగితం మీద రాసుకోండి. స్లేటు రాళ్ళతో పేర్చిన దిమ్మె, దాని దగ్గరే సర్వే స్తంభం ఉంటాయి. ఆ చోటును మ్యాపులో చూపే గ్రిడ్ అంకెలు ఎస్‌డి 272 978. కొలను ఉన్న వైపు అంచు నిట్టనిలువుగా తెగిపోతుంది, మబ్బులో అటు నడవకూడదు. నేలంతా మనుషులు తిరిగిన గుర్తులే కాబట్టి ఏ దారైనా సరైన దారిలాగే కనిపిస్తుంది. రాసుకున్న దిక్కునే నమ్మండి. ఉత్తరాన బ్రిమ్ ఫెల్ వైపు కొండకొమ్ము మీద సాగిపోయే బాట సులువుగా ఉంటుంది కానీ అది మిమ్మల్ని ఊరికి దూరంగా తీసుకుపోతుంది. వచ్చిన దారినే దిగండి.

ఏదైనా జరిగితే

ముందు బైవీ సంచిలో దూరండి, ఫోన్ తర్వాత. 999కి ఫోన్ చేసి పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగండి. మీ నెట్‌వర్క్ సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ అందితే ఆ కాల్ పోతుంది. గ్రిడ్ అంకెలు, గాయం, ఒంటరిగా ఉన్నారన్న సంగతి చెప్పండి. ఇంగ్లిష్ గడగడా రాకపోయినా భయపడకండి, చిన్న చిన్న మాటల్లో చెప్పండి చాలు. ఫోన్ అందకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. చీకట్లో లైటుతో కూడా అంతే. మూడుసార్లు ఈల తిరిగి వినిపిస్తే మీ సంగతి ఎవరికో తెలిసిందన్నమాట. తెలిసినా ఊదడం ఆపకండి, ఆ చప్పుడు పట్టుకునే వాళ్ళు వస్తారు.

వచ్చేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు, డబ్బు అడగరు. డబ్బు అడుగుతారేమో, వీసాకు ఇబ్బందేమో అనుకుంటూ ఫోన్ చేయకుండా చీకటి పడేదాకా ఆగకండి. ఇది మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

దిగాక

ఊళ్ళోకి రాగానే, బూట్లు విప్పకముందే, మీ కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఫోన్ చేయండి. మరిచిపోతే అనవసరంగా పాతిక మంది మీ కోసం వానలో కొండెక్కుతారు. తర్వాత పొడి బట్టలు, పులిహోర డబ్బా. బస్సుకు సమయం ఉంటే రస్కిన్ మ్యూజియంలోకి వెళ్ళండి. పైన మీరు చూసిన రాగి, స్లేటు పనులకు సంబంధించిన వస్తువులు అక్కడ ఉన్నాయి. చూసి వచ్చాక చూస్తేనే అవి మాట్లాడతాయి. బూట్లలో పాత పేపర్లు కుక్కి, హీటర్ పక్కన కాకుండా గాలి ఆడే చోట పెట్టండి, వేడికి తోలు పగులుతుంది. మ్యాపును కవరులోంచి తీసి ఆరేసి, ఎక్కడ దారి జారిందో, ఏ వాగు ఎంత ఉందో, ఏ మెట్టు ఎన్నింటికి చేరారో దాని అంచున రాసి పెట్టుకోండి. తర్వాతిసారి సమయం లెక్క నైస్మిత్‌ది కాకుండా మీదే వేసుకోవచ్చు.